ఇంటి పూల్‌కి ఏ టెస్ట్ కిట్ కొనాలి? నీళ్లలో కనిపించే సమస్యలు, వాటి పరిష్కారాలు

మా బావగారి తోట నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. పిల్లల కోసం అక్కడ చిన్న పూల్ కట్టించారు. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు. అంటే 21,600 లీటర్ల నీళ్లు. పోయినేడు రోహిణి కార్తెలో పిల్లలు సెలవులకు వచ్చేసరికి నీళ్లు పాచిపట్టి పచ్చగా ఉన్నాయి. రంగు మారే టెస్ట్ స్ట్రిప్ ముంచి చూస్తే క్లోరిన్ సరిపడా ఉన్నట్టే చూపిస్తోంది. మందులు అమ్మే షాపతను ఇంకో రెండు క్లోరిన్ బిళ్లలు వేయమన్నాడు. వేశాం. మూడు రోజులైనా పచ్చదనం పోలేదు.

నాకు రొయ్యల గుంటలున్నాయి. తెల్లారగానే నీళ్లు పరీక్ష చేయకుండా మేత వేయించను. అందుకే అప్పుడు నాకు మందు మీద కంటే కిట్ మీదే అనుమానం వచ్చింది. అసలు కొలవాల్సింది ఆ స్ట్రిప్ కొలవడం లేదు. కిట్ కొనేముందు ధర కాదు, మీ పూల్‌లో కనిపిస్తున్న సమస్య ఏమిటో చూసుకోండి.

క్లోరిన్ ఉంది, అయినా నీళ్లు పచ్చబడుతున్నాయి

కారణం చాలావరకు ఆ బిళ్లలే. పూల్‌కి వాడే ఆ క్లోరిన్ బిళ్ల పేరు టీసీసీఏ 90. అది కరిగితే క్లోరిన్‌తో పాటు సైనూరిక్ యాసిడ్ కూడా నీళ్లలో చేరుతుంది. దాన్నే స్టెబిలైజర్ అంటారు. కొంచెం ఉంటే మంచిదే, మన ఎండలకు క్లోరిన్ విరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. స్టెబిలైజర్ అసలు లేకపోతే మే నెల మధ్యాహ్నం రెండు మూడు గంటల్లోనే క్లోరిన్ చాలావరకు పోతుంది. కానీ క్లోరిన్ ఖర్చయినట్టు ఇది ఖర్చవదు. పోగుపడుతూనే ఉంటుంది. ఎక్కువయ్యేకొద్దీ క్లోరిన్‌ను గట్టిగా పట్టేసుకుని పని చేయనివ్వదు. కిట్‌లో క్లోరిన్ కనిపిస్తుంది, పాచి మాత్రం చావదు.

మా లెక్క చూడండి. 200 గ్రాముల బిళ్ల ఒకటి వేస్తే ఆ పూల్‌లో స్టెబిలైజర్ సుమారు 5 పీపీఎం (లీటరుకి 5 మిల్లీగ్రాములు) పెరుగుతుంది. వారానికి రెండు బిళ్లలు, సంక్రాంతి నుంచి మే దాకా వేస్తూ పోయారు. పరీక్ష చేస్తే 140 వచ్చింది. ఉండాల్సింది 30 నుంచి 50.

దీన్ని కొలవాలంటే కిట్‌లో సైనూరిక్ యాసిడ్ పరీక్ష విడిగా ఉండాలి. బిళ్లలు వాడేవాళ్లు ఇది లేని కిట్ కొనవద్దు. పూల్ నీళ్లు, కిట్‌లోని మందు సమానంగా కలిపితే పాలలా తెల్లబడతాయి. అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో వాటిని కొంచెం కొంచెంగా పోస్తూ పైనుంచి చూడాలి. చుక్క కనబడకుండా పోయిన చోట గీత మీద ఉన్న అంకె చదవాలి. ఆరుబయట, ఎండకు వీపు పెట్టి, గొట్టం నడుము ఎత్తులో పట్టుకుని చూడండి. వరండా నీడలో చూస్తే అంకె మారిపోతుంది. కొంచెం పోయగానే, గొట్టంలో 100 గీత కూడా చేరకముందే చుక్క మాయమైతే, పూల్ నీళ్లలో అంతే మంచినీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

స్టెబిలైజర్‌ను తగ్గించడానికి ఇంట్లో చేయగల పని నీళ్లు మార్చడమే. మూడో వంతు తీసి కొత్తవి నింపడం, అలా మూడుసార్లు చేస్తే 140 కాస్తా 40 దగ్గరికి దిగింది. పూల్ మొత్తం ఒకేసారి ఖాళీ చేయవద్దు. ఇందుకూరుపేట, ముత్తుకూరు లాంటి చోట్ల, అందులోనూ కార్తీకమాసం వానల్లో భూగర్భజలం పైకి వచ్చి ఉంటుంది. ఖాళీ తొట్టిని కింది నీళ్లు పైకి తోస్తాయి, నేల పగులుతుంది. నీళ్లు మార్చాక గోడలు బ్రష్‌తో రుద్ది, బిళ్లలు మానేసి హైపో ద్రావణం (సోడియం హైపోక్లోరైట్, అంటే ద్రవ క్లోరిన్ మందు) పోశాం. ఈ పూల్‌కి 10 శాతం హైపో 220 మి.లీ. పోస్తే క్లోరిన్ ఒక పీపీఎం పెరుగుతుంది. ఫిల్టర్ ఆపకుండా తిప్పితే నాలుగో రోజుకి అడుగు టైల్స్ కనిపించాయి.

ఒక జాగ్రత్త. టీసీసీఏ బిళ్లల డబ్బాలో బ్లీచింగ్ పౌడర్ పడకూడదు, ఒకే మగ్గుతో రెండూ తీయకూడదు. కలిస్తే మంట పుట్టవచ్చు, పేలవచ్చు. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) తగ్గించడానికి పోసే యాసిడ్‌ని రెండింటికీ దూరంగా పెట్టండి. కలిసిందంటే విషవాయువు వస్తుంది.

కళ్లు మండుతున్నాయి, క్లోరిన్ వాసన గుప్పుమంటోంది

వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుని మానేస్తారు. నిజానికి ఆ ఘాటు చెమట, మూత్రంతో కలిసి పాడైన క్లోరిన్‌ది. దాన్ని కంబైన్డ్ క్లోరిన్ అంటారు. ఇక్కడే చవక కిట్ మోసం చేస్తుంది. చుక్క వేయగానే నీళ్లు పసుపు రంగుకి మారే ఓటీఓ కిట్ మంచి క్లోరిన్‌నీ పాడైన క్లోరిన్‌నీ కలిపి మొత్తంగా చూపిస్తుంది. పల్లెల్లో కుళాయి నీళ్లకు క్లోరోస్కోప్‌తో చూసేదీ ఈ పద్ధతిలోనే. కుళాయి దగ్గర 0.2 పీపీఎం మిగిలిందా లేదా తెలుసుకోవడానికి అది చాలు. పూల్‌కి చాలదు.

నీళ్లు గులాబీ రంగుకి మారే డీపీడీ కిట్ తీసుకోండి. మొదటి మందుతో ఫ్రీ క్లోరిన్ (పని చేసే మంచి క్లోరిన్), దాంట్లోనే రెండో మందు వేస్తే మొత్తం క్లోరిన్ తెలుస్తాయి. రెండింటి తేడా 0.5 దాటితే, ఆ తేడాకి పది రెట్లు క్లోరిన్ సాయంత్రం పూట ఒకేసారి వేయాలి. మర్నాడు నీళ్లు మళ్లీ కొలిచి చూశాకే పిల్లల్ని దించండి. పీహెచ్ కూడా చూడండి. 7.2 నుంచి 7.8 లోపల లేకపోయినా కళ్లు మండుతాయి.

క్లోరిన్ బాగా వేశాక కిట్ సున్నా చూపిస్తోంది

డీపీడీకి ఉన్న లోపం ఇది. క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీ రంగు పుట్టినట్టే పుట్టి వెలిసిపోతుంది. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోసేస్తాం. మందు చుక్క పడినప్పుడు కన్నార్పకుండా చూడండి, ఒక్క క్షణం గులాబీ మెరిసి పోయిందంటే సంగతి అదే. ఒక వంతు పూల్ నీళ్లకు నాలుగు వంతుల ఆర్వో నీళ్లు కలిపి మళ్లీ చేసి, అంకెను ఐదుతో హెచ్చించండి. అలాంటప్పుడు పీహెచ్ పరీక్షలో ఊదా రంగు వస్తే దాన్నీ నమ్మవద్దు. క్లోరిన్ దిగాక చూడాలి.

ఖర్చుకి వెనకాడకపోతే చుక్కలు లెక్కపెట్టే ఎఫ్ఏఎస్-డీపీడీ కిట్ అన్నిటికంటే మేలు. గులాబీ రంగు పోయేదాకా చుక్కలు వేసి లెక్కపెట్టడమే. 10 మి.లీ. నీళ్లు తీసుకుంటే ఒక్కో చుక్క 0.5 పీపీఎంకి లెక్క. రంగుల పట్టీతో పోల్చే పని లేదు కాబట్టి చూపు మందగించిన మా మామగారు కూడా చేయగలుగుతున్నారు.

టైల్స్ అంచున తెల్లటి పొర, ఫిల్టర్ బిగుసుకుపోతోంది

బోరు నీళ్లు. కనిగిరి, పొదిలి వైపు బిందెలకు సున్నం ఎలా కడుతుందో తెలిసిందే కదా, ఇదీ అంతే. బ్లీచింగ్ పౌడర్ వాడితే సున్నం ఇంకా పెరుగుతుంది. టీడీఎస్ మీటర్ పెట్టి 1,200 వచ్చిందని టెన్షన్ పడుతుంటారు. ఆ అంకె నీళ్లలో కరిగినవన్నీ కలిపి చెప్పేది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. క్లోరిన్ సంగతి అసలే చెప్పదు. కిట్‌లో కాల్షియం హార్డ్‌నెస్ (సున్నం ఎంతో చెప్పేది), ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం ఎంతో చెప్పేది) పరీక్షలు ఉండాలి. హార్డ్‌నెస్ 200 నుంచి 400, ఆల్కలినిటీ 80 నుంచి 120 మధ్య బాగుంటుంది. హార్డ్‌నెస్ ఎక్కువ ఉన్న నీళ్లలో పీహెచ్‌ని 7.2, 7.4 దగ్గర, ఆల్కలినిటీని 80 దగ్గర పట్టి ఉంచితే పొర కట్టడం తగ్గుతుంది.

బోరు నీళ్లకు క్లోరిన్ వేయగానే కషాయం రంగు

ఇనుము. రోజంతా ఫిల్టర్ తిప్పి, దానిలోకి నీళ్లు ఎదురు దిశలో పంపి కడగండి (బ్యాక్‌వాష్). కిట్ మార్చినందువల్ల ప్రయోజనం లేదు.

రొయ్యల గుంటల కిట్‌తో సరిపెట్టుకోవచ్చా?

మన జిల్లాలో ఈ ప్రశ్న వస్తుంది, ఆక్వా షాపుల్లో కిట్లు సులువుగా దొరుకుతాయి మరి. ఆల్కలినిటీ కిట్ నిక్షేపంగా పనికొస్తుంది. పీహెచ్ కిట్ అయితే 7 నుంచి 8 మధ్య రంగులు దగ్గర దగ్గరగా ఉన్నదే తీసుకోండి. హార్డ్‌నెస్ కిట్ కాల్షియం, మెగ్నీషియం కలిపి మొత్తం చూపిస్తుంది, అందుకని అంచనాకే వాడండి. ఫ్రీ క్లోరిన్, స్టెబిలైజర్ పరీక్షలు ఆ డబ్బాలో ఉండవు, అవి పూల్ కిట్‌లోనే కొనాలి.

నిన్న ఒక అంకె, ఇవాళ ఇంకొకటి

నీళ్లు ముంచడంలోనే తేడా వస్తుంది. నీళ్లు లోపలికి వచ్చే పైపుకి దూరంగా, మోచేతి లోతు నుంచి తీయండి. సీసాను ఆ నీళ్లతోనే రెండుసార్లు తొలిచి, చుక్కల సీసా నిటారుగా పట్టుకోండి. వంచితే చుక్క సైజు మారుతుంది. స్ట్రిప్పులకు సముద్రపు గాలి తేమ పడదు. మూత తీసిన డబ్బా నెల తిరిగేసరికి తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. చుక్కల మందులు మోటారు గదిలో పెట్టవద్దు, అక్కడి వేడికి చెడిపోతాయి. ఇంట్లో చల్లటి చీకటి అరలో పెట్టి ఏడాదికోసారి మార్చండి.

ఆర్డర్ పెట్టేముందు తయారీ తేదీ, రీఫిల్ సీసాలు విడిగా అమ్ముతున్నారో లేదో చూసుకోండి. స్టెబిలైజర్ పరీక్షకు ఒక్కసారికే చాలా మందు పడుతుంది కాబట్టి ముందుగా అయిపోయేది అదే.