బాతుల వేటకి వెళ్తున్నారా? ముందు నడుం బెల్టు చూసుకోండి

పోయిన శనివారం అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో స్టట్‌గార్ట్ ఊరి దగ్గర మాతో వేటకి వచ్చిన కుర్రాడు నీళ్లలో పడ్డాడు. మొల లోతు నీళ్లే. గైడూ నేనూ చెరో రెక్క పట్టుకుని లాగితే గానీ లేవలేకపోయాడు. చలికోటు, టార్చిలైటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది బెల్టు గురించి.

వేడర్స్ అంటే ఛాతీ దాకా వచ్చే, నీళ్లు చొరబడని ప్యాంటు. నడుం దగ్గర దానికో బెల్టు ఉంటుంది. అది బిగించి ఉంటే, పడ్డా నీళ్లు చాలావరకు నడుం దగ్గరే ఆగుతాయి. వదులుగా ఉంటే పాదాల దాకా నిండిపోతాయి. ఆ నీళ్లు మిమ్మల్ని ముంచవు గానీ, గట్టెక్కబోతే కాళ్లకి నిండు బిందెలు కట్టుకుని లేచినట్టే. పైగా జనవరి నీళ్లు. తగలగానే ఊపిరి ఎగబీలుతుంది, కాసేపటికే వేళ్లు మొద్దుబారతాయి.

అక్కడి పొలాలు చూస్తే గోదావరి జిల్లాలు గుర్తొస్తాయి. కోసేసిన వరి మళ్లకి నీళ్లు పెట్టి బాతుల్ని రప్పిస్తారు. బురద మనకి కొత్తా అనుకుంటాం. మనకి తెలిసింది ఒట్టి కాళ్లతో, పగటిపూట తొక్కిన బురద. తెల్లవారకముందు భుజాన తుపాకీతో నడుస్తుంటే గట్టు పక్కన కాలవ ఎక్కడుందో కనబడదు. గైడ్ అడుగులోనే అడుగు వేయండి. బెల్టు బిగించి.

ఇక కాగితాలు. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్స్ చేతికి రాకముందు తుపాకీ ముట్టుకోవద్దు, ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గైడ్ తుపాకీయే కదా అంటే కుదరదు. 16 ఏళ్లు నిండినవాళ్లందరికీ ఫెడరల్ డక్ స్టాంప్, అంటే బాతుల వేటకి కొనాల్సిన అనుమతి, ఉండాలి. రాష్ట్రం స్టాంప్ వేరే.

బాతుల వేటలో సీసం గుళ్లు 1991 నుంచి దేశమంతా నిషేధం, పాత తూటా ఒక్కటి జేబులో మిగిలినా తప్పే. తుపాకీలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదు, అంతకు మించి పట్టకుండా లోపల పెట్టే అడ్డు, ప్లగ్, ఉందో లేదో ఇంట్లోనే చూడండి. జీన్స్ వద్దు. లోపల నూలు బట్టే వద్దు, తడిస్తే ఒంటిని ఐసు చేస్తుంది, ఉన్ని వేసుకోండి. పడవలో లైఫ్ జాకెట్ తీయొద్దు. పడవలో తుపాకీ ఖాళీగా ఉండాలి. తూటా ఉన్న తుపాకీని మాటులో (బాతులకి కనబడకుండా దాక్కునే చోట) ఒరగబెట్టొద్దు, కుక్క తగిలినా పడిపోతుంది. గైడ్ చెప్పందే లేవొద్దు. తాగి రావొద్దు. బాతుల్ని అక్కడే పూర్తిగా ఒలిచేయకండి, ఇల్లు చేరేదాకా తలో, ఈకలున్న రెక్కో ఉండాలి. పొడి బట్టలు ఒక జత కారులో ఉంచండి. బెల్టు. మీది చూసుకుని పక్కవాడిదీ చూడండి. దిగేటప్పుడు చూశాం కదా అనకండి. మా కుర్రాడు కూడా పొద్దున బిగించే దిగాడు. మాటులో కూర్చున్నాక పొట్ట దగ్గర పట్టేస్తోందని వదులు చేశాడు. పడింది తిరిగొచ్చేటప్పుడు.