స్పాన్ ఎగ్ పని చేయట్లేదా? ఆట ఏ దశలో ఆగిందో ముందు చూడండి

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో సొంత జీవిని తయారుచేసి, దానికి స్పాన్ ఎగ్ (నొక్కితే ఆ జీవిని పుట్టించే గుడ్డు) పెట్టబోయి ఇరుక్కున్నవాళ్ళు ముందుగా గుడ్డు కోడునే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. ఆట ఏ దశలో ఆగిందన్నది చూస్తే కారణం సగం దొరికినట్టే. కింద చెప్పేది ఫోర్జ్ 1.20.1కి. ఆటకి మనం చేర్చే మార్పుల్ని, అంటే మాడ్‌లని, నడిపే సాధనం ఫోర్జ్. వేరే వెర్షన్లలో తేడా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్తాను. మన జీవి నెమలి అనుకుందాం.

ఆట తెరుచుకోకముందే క్రాష్. లాగ్‌లో "రిజిస్ట్రీ ఆబ్జెక్ట్ నాట్ ప్రెజెంట్"

అందరూ తగులుకునేది ఇక్కడే. మామూలు స్పాన్ఎగ్ఐటమ్ క్లాసుకి ఎంటిటీ (ఆటలోని జీవి) రకం అప్పటికప్పుడు చేతికి కావాలి. మీరు నెమలి రిజిస్ట్రీ ఆబ్జెక్ట్ మీద గెట్ పిలిచి ఇస్తారు. కానీ గుడ్డు రిజిస్టర్ అయ్యే (ఆట జాబితాలో చేరే) సమయానికి నెమలి ఇంకా రిజిస్టర్ అయి ఉండకపోవచ్చు. 1.16 నాటి ఫోర్జ్‌లోనైతే ముందు బ్లాకులు, తర్వాత ఐటమ్‌లు, ఆ తర్వాతే ఎంటిటీలు. కాబట్టి అక్కడ ఇది తప్పనిసరిగా విరిగేది.

పరిష్కారం: ఫోర్జ్‌స్పాన్ఎగ్ఐటమ్ వాడండి. దానికి గెట్ పిలవకుండా రిజిస్ట్రీ ఆబ్జెక్ట్‌నే ఇవ్వండి. అది సప్లయర్ (అడిగినప్పుడు విలువ ఇచ్చేది) కాబట్టి అవసరమైనప్పుడే లోపలి విలువను అడుగుతుంది. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే చిట్కా ఒకటుంది: స్పాన్ఎగ్ఐటమ్‌ని ఎక్స్‌టెండ్ చేసి ఎంటిటీ స్థానంలో నల్ ఇవ్వడం. దాని జోలికి పోకండి. క్రాష్ తప్పుతుంది గానీ, గుడ్డుకి రంగులు రావు, డిస్పెన్సర్‌లో పెడితే జీవి రాకుండా గుడ్డే బయటపడుతుంది. ఫోర్జ్ ఇచ్చిన క్లాసు ఈ రెండింటినీ తనే చూసుకుంటుంది.

ఆ మార్పు చేశాక కూడా అదే సందేశం వస్తుంటే మెయిన్ క్లాసు తెరవండి. ఐటమ్‌ల డిఫర్డ్ రిజిస్టర్‌నీ, ఎంటిటీల డిఫర్డ్ రిజిస్టర్‌నీ రెండింటినీ (రిజిస్టర్ చేయాల్సినవాటి జాబితాలివి) ఫోర్జ్ సంఘటనల్ని మాడ్‌కి చేరవేసే మాడ్ ఈవెంట్ బస్‌కి కలిపారా? ఎంటిటీలది మరిచిపోవడం మామూలే.

ఫోర్జ్ లాంటి మరో సాధనమైన ఫాబ్రిక్‌లో రిజిస్ట్రేషన్ అక్కడికక్కడే జరిగిపోతుంది కాబట్టి నెమలిని ముందు, గుడ్డుని తర్వాత రిజిస్టర్ చేస్తే చాలు. 1.21.2 నుంచి మరో మెలిక వచ్చింది: ఐటమ్ ప్రాపర్టీస్‌లోనే ఐడీ పెట్టాలి. లేకపోతే "ఐటమ్ ఐడీ నాట్ సెట్" అంటూ ఆగిపోతుంది.

ఐడీలో పెద్ద ఇంగ్లీషు అక్షరం ఉన్నా, తెలుగు అక్షరం ఉన్నా ఆట ఒప్పుకోదు. తెలుగు పేరు కావాలంటే భాష ఫైల్‌లో రాసుకోండి.

ఆట తెరుచుకుంది, గుడ్డు కనపడదు

గివ్ కమాండ్‌తో తెప్పించి చూడండి. చేతికొస్తే రిజిస్ట్రేషన్ బాగానే ఉంది, క్రియేటివ్ ట్యాబ్‌లో పెట్టలేదంతే. 1.19.3 ముందు ట్యాబ్‌ని ప్రాపర్టీస్‌లోనే చెప్పేవాళ్ళం. ఇప్పుడు బిల్డ్‌క్రియేటివ్‌మోడ్‌ట్యాబ్‌కంటెంట్స్ ఈవెంట్‌లో స్పాన్ ఎగ్స్ ట్యాబ్‌కి చేర్చాలి.

ఊదా-నలుపు గళ్ళు కనిపిస్తే మోడల్ ఫైల్ లేదు, లేదా పేరు తప్పు. 1.20.1లో ఆ ఫైల్ పేరెంట్‌గా టెంప్లేట్ స్పాన్ ఎగ్ ఇస్తే సరిపోతుంది. 1.21.4 నుంచి ఐటమ్స్ ఫోల్డర్‌లో విడిగా మరో ఫైల్ కావాలి. 1.21.5లో ఆట తయారీదారు మోజాంగ్ ఒక్కో గుడ్డుకి ఒక్కో బొమ్మ ఇచ్చేసింది. అక్కడ మీ బొమ్మ మీరు గీసుకోవడమే మేలు.

గుడ్డు నొక్కగానే క్రాష్

ముందు సమ్మన్ కమాండ్‌తో నెమలిని పిలవండి. అప్పుడూ పడిపోతే గుడ్డుకి ఏ పాపమూ తెలియదు, లోపం నెమలిదే. ఎంటిటీఅట్రిబ్యూట్‌క్రియేషన్ ఈవెంట్‌లో దాని ఆరోగ్యం, వేగం వగైరా అట్రిబ్యూట్లు నమోదు చేయలేదేమో చూడండి. ఆట మొదలైనప్పుడే లాగ్‌లో దీని గురించి ఒక హెచ్చరిక వచ్చి ఉంటుంది, ఎవరూ చదవరు. అట్రిబ్యూట్లు ఉన్నా క్రాష్ అవుతూ, స్టాక్ ట్రేస్‌లో ఎంటిటీరెండర్‌డిస్పాచర్ కనిపిస్తే రెండరర్ (జీవిని తెర మీద గీసే కోడ్) రిజిస్టర్ కాలేదు.

కాసేపు బాగానే తిరిగి, ఎవరి మీదికైనా దూకినప్పుడు మాత్రమే పడిపోతుంటే అటాక్ డ్యామేజ్ అట్రిబ్యూట్ లేదు. మాబ్ క్లాసు ఇచ్చే ప్రాథమిక అట్రిబ్యూట్లలో అది ఉండదు, మాన్‌స్టర్ క్లాసు ఇచ్చేవాటిలో ఉంటుంది. కొట్లాడే నెమలి కావాలంటే దాన్ని మీరే చేర్చాలి.

క్రాష్ లేదు, జీవీ లేదు

కోడ్ తవ్వే ముందు డిఫికల్టీ చూడండి. నెమలిని మాన్‌స్టర్‌గా రాస్తే పీస్‌ఫుల్‌లో అది పుట్టగానే మాయమైపోతుంది. పెద్ద నెమలి మీద గుడ్డు నొక్కినా పిల్ల రాకపోతే, గెట్‌బ్రీడ్ఆఫ్‌స్ప్రింగ్ మెథడ్ నల్ తిరిగి ఇస్తోందేమో చూడండి. ఐడీఈ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) తనంతట తాను నింపిన మెథడ్‌ని అలాగే వదిలేస్తే ఇదే జరుగుతుంది.

మీ దగ్గర ఆడుతుంది, స్నేహితుడి డెడికేటెడ్ సర్వర్‌లో పడిపోతుంది

రెండరర్ కోడ్ సర్వర్‌లో కూడా లోడవుతోంది. సర్వర్‌లో గ్రాఫిక్స్ క్లాసులు ఉండవు. రెండరర్ రిజిస్టర్ చేసే భాగాన్ని వేరే క్లాసులోకి తీసి, ఈవెంట్ సబ్‌స్క్రైబర్ అనోటేషన్‌లో డిస్ట్ క్లయింట్ అని పెట్టండి. మీ కంప్యూటర్‌లోనే డెడికేటెడ్ సర్వర్ నడిపి చూశాకే జార్ ఫైల్ పంపండి.