కమ్యూనిటీ కాలేజీలో చిత్రకళ, మట్టిపని: కాలిఫోర్నియాకు కొత్తగా వచ్చినవారికి సూచనలు

కాలిఫోర్నియా బే ఏరియాకు కొత్తగా వచ్చి, బొమ్మలు వేయడమో మట్టిపాత్రలు చేయడమో పద్ధతిగా నేర్చుకోవాలనుకునే తెలుగువారికి అన్నిటికన్నా అందుబాటులో ఉండేది దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీ. రాష్ట్రంలో ఇలాంటి ప్రభుత్వ కళాశాలలు 116 ఉన్నాయి. ఫ్రీమాంట్‌లో ఓలోనీ, కూపర్టినోలో డి ఆంజా, లాస్ ఆల్టోస్ హిల్స్‌లో ఫుట్‌హిల్, సారటోగాలో వెస్ట్ వ్యాలీ మనవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు చేరువలోనివి. పద్దెనిమిదేళ్ళు నిండినవారిని ప్రవేశపరీక్ష గాని, ర్యాంకు గాని, ముందు వేసిన బొమ్మలు గాని అడగకుండానే చేర్చుకుంటారు. ఇక్కడ కట్టే రుసుము పాఠానికి మాత్రమే అనుకోకూడదు. ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా అమర్చుకోలేని కుమ్మరి సారెలు, బట్టీలు, అచ్చు యంత్రాలు, పొగను బయటికి లాగే పంకాలు, వాటిని కనిపెట్టుకొని ఉండే టెక్నీషియన్, ఇవన్నీ ఆ రుసుములో భాగమే. అందుకే చేరేముందు కోర్సుల పట్టికతో పాటు స్టూడియో తరగతి లేని వేళల్లో విద్యార్థులకు ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో కూడా విచారించాలి.

మొదట తేల్చుకోవలసింది వీసా సంగతి. హెచ్-4 మీద (హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు, పిల్లలకు ఇచ్చే వీసా) ఉన్నవారు వీసా మార్చుకోకుండానే ఒక్క తరగతిలోనైనా, పూర్తికాలమైనా చదువుకోవచ్చు. ఎఫ్-1 విద్యార్థులు సాధారణంగా ప్రతి టర్మ్‌లో, అంటే చదువు విడతలో, కనీసం 12 యూనిట్లు (తరగతుల బరువును లెక్కించే కొలత) తీసుకోవాలి, వాటిలో ఆన్‌లైన్ తరగతుల లెక్కకు పరిమితి ఉంది. సందర్శకులుగా బి-2 మీద వచ్చిన తల్లిదండ్రులను క్రెడిట్ తరగతుల్లో, అంటే డిగ్రీకి లెక్కకు వచ్చే తరగతుల్లో, చేర్పించకూడదు.

రుసుము విషయానికి వస్తే, రాష్ట్ర నివాసిగా గుర్తింపు పొందినవారికి యూనిట్‌కు 46 డాలర్లు. ఏడాదిని పొట్టి విడతలుగా విభజించే క్వార్టర్ పద్ధతిలో నడిచే డి ఆంజా, ఫుట్‌హిల్ కళాశాలల్లో యూనిట్ చిన్నది కనుక 31 డాలర్లు. నివాసి కానివారు దీనిపైన యూనిట్‌కు కొన్ని వందల డాలర్లు కట్టవలసి వస్తుంది. టర్మ్ మొదలయ్యే నాటికి ఏడాదికి పైగా కాలిఫోర్నియాలో ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశాన్ని డ్రైవింగ్ లైసెన్స్, పన్ను పత్రాల వంటివాటితో చూపగలిగితే హెచ్-1బి, హెచ్-4 వారు కూడా నివాసులుగా గుర్తింపు పొందవచ్చు; ఎఫ్-1 వారికి ఆ వీలు లేదు. నివాసానికి రుజువులుగా చెప్పే వాటిలో ఓటరు నమోదు కూడా కనిపిస్తుంది. పౌరసత్వం లేనివారు దాని జోలికి ఎంతమాత్రం పోకూడదు. ఏడాది నిండడానికి రెండు మూడు నెలలే మిగిలి ఉంటే ఒక టర్మ్ ఆగడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తేడా చిన్నదేమీ కాదు.

దరఖాస్తుకు సాధారణంగా డబ్బు అడగరు, అంతా ఆన్‌లైన్‌లోనే. కొత్తవారికి నమోదు తేదీ చివర్లో వస్తుంది కనుక సిరామిక్స్ (మట్టిపని) వంటి తరగతులు అప్పటికే నిండిపోయి ఉంటాయి. అంతమాత్రాన నిరాశ పడనక్కర్లేదు. వెయిట్‌లిస్టులో పేరు పెట్టుకొని మొదటిరోజు తరగతికి తప్పక వెళ్ళాలి, ఎందుకంటే ఆ రోజు రానివారి పేర్లు కొట్టివేసి, ఎదురుగా ఉన్నవారికి యాడ్ కోడ్ (తరగతిలో పేరు నమోదుకు వీలిచ్చే సంకేతం) ఇచ్చే అధ్యాపకులు చాలామంది ఉన్నారు. ఇదే నియమం మీకూ వర్తిస్తుంది. భారతదేశం నుంచి తిరుగు ప్రయాణం ఆలస్యమై మొదటి తరగతి తప్పితే, రుసుము కట్టినా సీటు నిలుస్తుందన్న భరోసా లేదు.

మూడు యూనిట్ల స్టూడియో తరగతి అంటే వారానికి సుమారు ఆరు గంటలు అక్కడే పనిచేయాలి, ఇంటిపని వేరే. మట్టిపని నేర్చుకోదలచినవారు మాత్రం టర్మ్ నిడివి చూసుకొని కళాశాలను ఎంచుకోవడం మంచిది. సారె మీద తీసిన పాత్ర నెమ్మదిగా ఆరాలి, అడుగు చెక్కాలి, మొదటిసారి కాల్చాలి, గ్లేజు (కాలితే గాజులా మారే పూత) పూయాలి, మళ్ళీ కాల్చాలి. ఈ వరుస పూర్తికావడానికి తరచు మూడు వారాలు పడుతుంది. పన్నెండు వారాల క్వార్టర్‌లో పచ్చిమట్టి ముట్టుకోవడానికి చివరి గడువు చేయి కుదిరేలోపే వచ్చేస్తుంది. సుమారు నాలుగు నెలల సెమిస్టర్ అయితే కొత్తవారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది.

చాలామంది ఆలస్యంగా తెలుసుకొని చింతించే నియమం మరొకటి ఉంది. ఉత్తీర్ణులైన క్రెడిట్ తరగతిని ఇష్టపడి మళ్ళీ తీసుకోవడానికి 2013 నుంచి సాధారణంగా వీలులేదు. అదీగాక ఒకే కోవకు చెందిన కళల తరగతులన్నీ కలిపి నాలుగుసార్లకు మించి చేరకూడదు. అంటే సారె పని, చేతితో మలిచే పని, వాటి పై తరగతులు ఒకే కోవలో ఉంటే, మీ అవకాశాలు నాలుగే. సరదాకు మొదలుపెట్టి వాటిని వరుసగా వాడేసినవారు ఆ తర్వాత డిగ్రీకి లెక్కకు రాని నాన్‌క్రెడిట్ తరగతులనో, విడిగా రుసుము తీసుకునే కమ్యూనిటీ ఎడ్యుకేషన్‌నో వెతుక్కోవాలి. కాబట్టి ముందు రేఖాచిత్రణ, ఆ తర్వాతే మట్టి గాని లోహం గాని అన్న క్రమాన్ని నేను గట్టిగా సూచిస్తాను. గీత పట్టుబడినవారికి పాత్ర అంచు వంపు వెంటనే కనిపిస్తుంది. ఉన్న అవకాశాలు దిద్దుబాట్లకే ఖర్చైపోవు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని కాంటర్ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు, దాని తోటలో ఫ్రెంచ్ శిల్పి రోదే (Rodin) కంచు శిల్పాలు ఆరుబయటే ఉన్నాయి; స్కెచ్‌బుక్ నింపడానికి అంతకన్నా మంచి చోటు దగ్గరలో దొరకదు.

ఫిగర్ డ్రాయింగ్ తరగతిలో నగ్నంగా నిలిచే మోడళ్ళను చూసి గీయవలసి ఉంటుంది. ఇది ముందే తెలిసి వెళ్ళడం మంచిది. అక్కడ ఫోన్ బయటికి తీయకూడదు, మోడల్‌ను తాకకూడదు, వారి శరీరం గురించి వ్యాఖ్యానించకూడదు; విరామంలో వారు గౌను వేసుకున్నాకే పలకరించాలి. గది ఎంత నిశ్శబ్దంగా, పనిమీద ధ్యాసతో ఉంటుందంటే మొదటి పావుగంట దాటాక కొత్తవారి బెరుకు దానంతటదే తగ్గుతుంది.

సిరామిక్స్ స్టూడియోలో అందరి పనీ ఒకే బట్టీలో కాలుతుంది, అక్కడి కట్టుబాట్లన్నీ దీని చుట్టూనే అల్లుకొని ఉంటాయి. గోడ మందంగా ఉండి లోపల తడి మిగిలిన పాత్రను బట్టీలో పెడితే, ఆ నీరు ఆవిరై పాత్ర పగిలి, ముక్కలు పక్కవారి పనిమీద పడతాయి. పాత్ర అడుగున గ్లేజు మిగిలితే అది కరిగి బట్టీ పలకకు అతుక్కుపోతుంది. అందుకే అడుగుకు మైనం పూసి, ఆపైన అంటిన చుక్కలను తడి స్పాంజితో తుడుస్తారు. మొదటి కాల్పు సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ వద్ద, రెండవది కోన్ 10 (బట్టీ వేడిని సూచించే ఒక కొలమానం) పద్ధతి పాటించేచోట 1,300 డిగ్రీలకు దగ్గరగా జరుగుతుంది. మన ఊళ్ళలో కుండలు కాలే వేడి దీనికన్నా చాలా తక్కువ. కోన్ 10 వేడికి స్టోన్‌వేర్ అనే గట్టిరకం మట్టి గాజులా బిగిసి నీటిని చెమర్చనివ్వదు కనుక, వేసవిలో నీళ్ళు చల్లబరిచే కూజా కావాలనుకునేవారు దాన్ని గ్లేజు లేకుండా మొదటి కాల్పుతోనే ఆపమని అధ్యాపకులను అడగాలి. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్వడం ఇక్కడ పెద్ద తప్పు. అందులోని సిలికా ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కనుక బల్లనైనా నేలనైనా తడిపే తుడవాలి.

నగల తయారీ తరగతికి చున్నీ, వదులు చేతుల దుస్తులు, గాజులు, నైలాన్ బట్టలు పనికిరావు; నూలు దుస్తులు, వేళ్ళు మూసే బూట్లు వేసుకొని జుట్టు ముడివేసుకోవాలి. తైలవర్ణాల గదిలో ఎర్రటి లోహపు డబ్బా ఒకటి ఉంటుంది. అవిసె నూనె అంటిన గుడ్డలు నలిపి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు కనుక వాటిని మూత ఉన్న ఆ డబ్బాలోనే వేయాలి.

క్రిటిక్ అంటే అందరి పనినీ గోడకు పెట్టి చర్చించే తరగతి. అక్కడ మౌనంగా కూర్చోవడాన్ని వినయంగా ఎవరూ భావించరు, పైగా మార్కులు తగ్గవచ్చు. కంటికి కనిపించినదానితో మొదలుపెట్టడం సులువు: చూపు మొదట ఎక్కడికి పోతోంది, వెలుగునీడల తేడా ఎక్కడ పలచబడింది, ఏ మూల ఖాళీగా తోస్తోంది. మీ బొమ్మ గురించి ఇతరులు మాట్లాడేటప్పుడు వెంటనే సమర్థించుకోకుండా రాసుకోండి.

డిగ్రీ లక్ష్యంగా ఉన్నవారికి స్టూడియో ఆర్ట్స్‌లో బదిలీ కోసం ఏర్పరచిన 60 యూనిట్ల అసోసియేట్ డిగ్రీ ఉంది. అది పూర్తిచేసి నిబంధనలకు సరిపోయినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు హామీగా దొరుకుతుంది, కోరుకున్న క్యాంపస్‌లోనే అని మాత్రం కాదు. ఏ తరగతి ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకొని, ఆ తర్వాతే కౌన్సెలర్‌ను కలవండి.

సంపాదన విషయంలో జాగ్రత్త అవసరం. చాలా కళాశాలల్లో డిసెంబరులో విద్యార్థుల పాత్రల అమ్మకం జరుగుతుంది. పని అనుమతి లేని హెచ్-4 వారు, ఎఫ్-1 వారు తమ పాత్రకు ధర చీటీ అంటించేముందు వీసా వ్యవహారాలు తెలిసినవారిని లేదా కళాశాల అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాలి. స్టూడియో సహాయకుల ఉద్యోగం ఎఫ్-1 వారు క్యాంపస్‌లో తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల వరకు చేయవచ్చు, హెచ్-4 వారికి పని అనుమతి లేకుంటే అదీ కుదరదు. టర్మ్ చివర అల్మారాలు ఖాళీచేసే తేదీ గోడమీద రాసి ఉంటుంది. ఆ తేదీ దాటాక మిగిలిపోయిన పాత్రలను సాధారణంగా చెత్తలో వేస్తారు.