క్యాన్సర్ చికిత్స తర్వాత నోరు, గొంతు – 3వ పాఠం: బిగుసుకుపోయే దవడ

పోయిన పాఠంలో ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించడం నేర్చుకున్నాం. పుక్కిలిస్తున్నప్పుడే కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది, నోరు ఇదివరకటంత తెరుచుకోవడం లేదేమిటని. ఈ పాఠం వాళ్ల కోసం. బాగానే తెరుచుకుంటున్న వాళ్లు కూడా చదవండి, మీకూ పని ఉంది.

చాలామంది 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్, క్యాన్సర్ గడ్డతో పాటు పక్కనున్న నమిలే కండరాలకూ తగులుతుంది. అక్కడ మెత్తటి కండలో మెల్లగా పీచులాంటిది పేరుకుని గట్టిపడుతుంది. చికిత్స అయిపోయింది కదా అని ఇది ఆగదు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగుతుంది. బిగుసుకున్న దవడను సాగదీయడం కంటే బిగుసుకోకుండా కాచుకోవడం చాలా తేలిక.

ముందు కొలత. అద్దం ముందు కూర్చుని నోరు వీలైనంత తెరవండి. పై ముందుపంటి అంచు నుంచి కింది ముందుపంటి అంచు దాకా స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. చాలా స్కేళ్లలో సున్నా గీతకు ముందు కాస్త ఖాళీ ఉంటుంది, దాన్ని కలిపేసుకోకండి. మూడుసార్లు కొలిచి, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. 35 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే దవడ బిగుసుకున్నట్టే లెక్క, డాక్టరుకు చెప్పాలి. ముందుపళ్లు లేనివాళ్లు చిగురు నుంచి చిగురుకు కొలుచుకోవచ్చు. వాళ్ల అంకె ఎక్కువే వస్తుంది కాబట్టి 35తో పోల్చుకోకుండా, తగ్గుతోందా పెరుగుతోందా అన్నదే చూసుకోవాలి. మూడు వేళ్లు పడితే చాలంటారు గానీ, అందరి వేళ్లూ ఒక్కలా ఉండవు. నాకు స్కేలు మీదే నమ్మకం.

ఇక సాధన. డాక్టర్లు నాలుక నొక్కి చూసే చెక్క పుల్లలు ఒక కట్ట తెచ్చుకోండి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సరిగ్గా పట్టేటన్ని పేర్చి పెట్టండి. ఎన్ని పట్టాయో అదే ఈ రోజు మీ లెక్క. ఇప్పుడు ఆ దొంతర మధ్యలోకి ఇంకొక్క పుల్లను మెల్లగా జరపండి. పొడి పుల్లలు పెదవికి అంటుకుంటాయి, తడిపి పెడితే నయం.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. నోట్లో ఏదైనా పెడితే తెలియకుండానే కొరుకుతాం. అలా కొరికితే మనం సాగదీయాలనుకున్న కండరమే బిగుసుకుంటుంది. దవడను వదులుగా వదిలేసి, పుల్లల్నే పని చేయనివ్వండి.

ఎంతసేపు? బాగా వాడుకలో ఉన్న లెక్క 7-7-7. ఒక్కో సాగదీత 7 సెకన్లు, అలా 7 సార్లు, రోజుకు 7 విడతలు. విడతకు 49 సెకన్లే, మధ్యలో తీసుకునే విరామం కలుపుకున్నా రెండు మూడు నిమిషాలు. కొందరు థెరపిస్టులు 30 సెకన్లు పట్టి ఉంచమని, విడతలు తగ్గిస్తారు. మీ థెరపిస్టు వేరే లెక్క చెప్పి ఉంటే అదే చేయండి. ఉదయం మానేసి రాత్రి ఒకేసారి గట్టిగా సాగదీయడం మాత్రం వద్దు.

లాగుతున్నట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. నొప్పి తర్వాతి విడత దాకా ఉండిపోతే ఒక పుల్ల తగ్గించండి. లెక్కలో ఒక్క పుల్ల పెరగడానికి వారాలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

దవడ ఎముక కోసినవాళ్లు, ప్లేటు వేయించుకున్నవాళ్లు, వేరేచోటి చర్మం, కండ తెచ్చి నోట్లో అతికించుకున్నవాళ్లు ఆపరేషన్ చేసిన డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టాలి. పళ్లు ఊగుతున్నా, నోట్లో ఎముక బయటపడి కనిపిస్తున్నా పుల్లలు ముట్టుకోకండి, ముందు చూపించుకోండి. ఇన్నాళ్లూ నిలకడగా ఉన్న అంకె ఉన్నట్టుండి పడిపోయినా, దాంతోపాటు కొత్త నొప్పి, గడ్డ, మానని పుండు కనిపించినా సాధన సరిగా చేయడం లేదేమోనని సరిపెట్టుకోకండి. జబ్బు తిరగబెట్టిందేమో డాక్టర్లు చూడాలి, వెంటనే వెళ్లండి.

ఈ వారం పని: నోట్‌బుక్‌లో రోజుకో గీత గీసి, రోజూ ఒకే వేళకు స్కేలు అంకె, పుల్లల లెక్క రాయండి. వచ్చే పాఠంలో బలంగా మింగడం సాధన చేస్తాం. అప్పుడు ఈ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.