మందు కొట్టాక దోమపోటు ఎక్కువైందా? ముందు సాలీళ్లను లెక్కపెట్టండి

లక్షణం: వరి పొట్టదశలో ఉంది. నడిమడిలో సుడిలా గుండ్రంగా కొంత పైరు పసుపెక్కి వారంలో మాడిపోయింది. మందు కొడితే పది రోజులకు వరి రసం పీల్చే సుడిదోమ ఇంకా పెరిగింది.

ముందు చూడాల్సింది: దుబ్బు వంచి చూశారా? నన్ను అడిగేవాళ్లలో సగం మంది గట్టు మీద నిలబడే చెబుతారు. సుడిదోమ ఆకుల మీద కాదు, నీటికి కాస్త పైన, మొదళ్లలో గుంపుగా ఉంటుంది. దుబ్బును అరచేత్తో రెండుసార్లు తట్టండి. గోధుమ రంగువి రాలి పక్కవాటంగా నడిస్తే దోమలు. నీళ్ల మీద గబగబా పరిగెత్తేవి సాలీళ్లు. పచ్చా నలుపూ కలిసి చురుగ్గా తిరిగేది మిరిడ్ నల్లి, మనకు మేలు చేసే పురుగు. పాపం దాన్నీ దోమే అనుకుంటారు.

దోమలుండి సాలీళ్లు లేకపోతే తప్పు ఇవాళ్టి మందుది కాదు, నెల కిందటిది.

అసలు కారణం: నాటిన పాతిక రోజులకు ఆకుముడత పురుగు వల్ల నాలుగు ఆకులు ముడుచుకోగానే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టేస్తాం. ఆ వయసు పైరు ఆ నష్టాన్ని తనే పూడ్చుకుంటుంది. కానీ దోమ దిగకముందే సాలీళ్లు మడికొచ్చి, బురదలో పుట్టే చిన్న ఈగలు తింటూ బలం పెంచుకుంటాయి. ఆ కాపలాను మనమే చంపేశాం. తర్వాత వచ్చిన దోమ ఆకుతొడుగు లోపల గుడ్లు పెడుతుంది, అక్కడికి మందు చేరదు. ఆ గుడ్లను పొడిచి పీల్చే మిరిడ్ నల్లి కూడా పోయింది. దోమకు నెలలోపే కొత్త తరం. సాలీడుకు అంత వేగం లేదు. డెల్టామెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్లైతే చావకుండా మిగిలిన ఆడదోమతో ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టిస్తాయి. గుంపు కిక్కిరిసి రసం చాలకపోతే పొడుగు రెక్కల దోమలు తయారై పక్క మడికి ఎగిరిపోతాయి.

ఒక సార్వాలో నా రెండు మడుల్లో ఒకదానికే ఆకుముడత మందు కొట్టాను. సుడులు అందులోనే పడ్డాయి, గట్టు అవతల మడి పచ్చగా నవ్వింది. ఇండోనేషియా 1986లో వరిపై 57 పురుగుమందులు నిషేధించింది కూడా ఈ బాధ పడలేకే.

పరిష్కారం: నీళ్లు తీసి మడి ఆరగట్టండి, యూరియా ఆపండి. సాలీళ్లు, నల్లులు బాగా కనిపిస్తే మూడు రోజులాగి మళ్లీ లెక్కపెట్టండి. ఈ దశలో దుబ్బుకు 20-25 దోమలు దాటితేనే పైమెట్రోజిన్ లాంటిది కొట్టండి. నాజిల్ మొదళ్లకు పట్టండి, ఆకుల మీద చల్లితే డబ్బు దండగ.

వచ్చే పంటకు రెండు మీటర్లకొకటి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. దోమ తట్టుకునే ఎంటీయూ 1061, 1064 రకాలున్నాయి. మొదటి 40 రోజులు ఆకుముడత కోసం డబ్బా ఎత్తకండి.

కల్తీ మందా? ఉండొచ్చు, అరుదు. ఇమిడాక్లోప్రిడ్‌కు దోమ అలవాటుపడటం నిజమే, అప్పుడు మందు మార్చండి. దుబ్బు తట్టినా దోమే రాలకపోతే అది దోమపోటు కాదు, వేర్లు పీకి చూడండి.