వరదలకు ముందే సీఎండీబీని సరిచూసుకోండి

జూలై వచ్చిందంటే డెల్టాలో అందరి చూపూ ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం మీదే. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు శాఖలున్న సంస్థల్లో ఐటీ చూసేవారు మొదటి హెచ్చరిక దాకా ఆగకూడదు. ఆ రోజు "కింది అంతస్తులో మనవి ఏమేం ఉన్నాయి?" అని మేనేజర్ అడిగితే జవాబు సీఎండీబీలో దొరకాలి. ఏ పరికరం ఎక్కడుందో, దేని మీద ఆధారపడి నడుస్తుందో నమోదు చేసే డేటాబేస్ అదే కదా.

పరికరాలను వెతికి సీఎండీబీలో నింపే డిస్కవరీ టూల్ రోజూ నెట్‌వర్క్‌ను జల్లెడ పడుతోందన్న ధీమా పనికిరాదు. ఐపీ చిరునామా, ఆపరేటింగ్ సిస్టమ్, మెమరీ అది తెస్తుంది. సర్వర్ ర్యాక్‌లో ఉందో బల్ల కింద నేల మీద ఉందో, ఏ యూపీఎస్‌కు తగిలించారో, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉందో దానికి తెలియదు. వరద వేళ కావలసినవి సరిగ్గా ఇవే. లొకేషన్ గడిలో "అమలాపురం" అని ఉంటే చాలు, డ్యాష్‌బోర్డు పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చదనాన్ని నేను నమ్మను. గడి నిండటం వేరు, నిజం కావడం వేరు.

అందుకే జూన్‌లోనే శాఖవారిని వీడియో కాల్‌లో గది చూపించమనండి. రికార్డులో ఉన్నది గదిలో ఉందా అని చూసి ఊరుకోకండి. గదిలో ఉన్నది రికార్డులో ఉందా అన్నదీ చూడండి. ఎవరో కొని తెచ్చి పెట్టిన నెట్‌వర్క్ స్విచ్ రెండో తనిఖీలోనే బయటపడుతుంది. ఇంటర్నెట్‌కు రెండు కంపెనీల లైన్లున్నా, రెండూ ఒకే కాలువ గట్టు వెంట వస్తుంటే ఆ సంగతి సంబంధాల పట్టికలో ఉండాలి. గట్టు కోతపడితే రెండూ పోతాయి. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగాక మనిషిని పంపి చూసి రమ్మనలేం.

అసెంబుల్డ్ కంప్యూటర్లతో మరో చిక్కు. కొన్నింటిలో సీరియల్ నంబర్ ఉండవలసిన చోట, తయారీదారు నింపాలని చెప్పే ఇంగ్లీషు వాక్యమే మిగిలిపోతుంది. దాన్ని అసలు నంబరుగా తీసుకుంటే నాలుగు యంత్రాలు ఒకే రికార్డులో కలిసిపోతాయి. ఏ రికార్డు ఏ యంత్రానిదో తేల్చే గుర్తింపు నియమాల నుంచి అలాంటి విలువలను తొలగించండి.

అన్నిటికన్నా ముఖ్యం, చాలామంది మరిచేది ఇంకొకటి. చాలాకాలం కనిపించని పరికరాన్ని వాడుకలో లేనిదిగా గుర్తించే నియమం చాలాచోట్ల దానంతటదే నడుస్తుంది. ముంపు భయంతో శాఖలో కరెంటు ఆపి, సామాను మేడ మీదికి ఎక్కిస్తే ఆ యంత్రాలు స్కాన్‌కు దొరకవు. తొలగింపు కూడా ఆ నియమంలో ఉంటే, నీళ్లు తీసేసరికి రికార్డులతో పాటు సంబంధాలూ పోతాయి. ముంపు ప్రాంతపు శాఖలకు ఆ నియమాన్ని నిలిపివేసి, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎవరు పెట్టాలో ఇప్పుడే రాసుకోండి.

తడిసిన పరికరం స్థానంలో కొత్తది వస్తే పాత రికార్డులోనే నంబరు దిద్దకండి. పాతది మూసి, కొత్తది తెరవండి. బీమావారు పాత సీరియల్ నంబరే అడుగుతారు.

లైను పోతే సీఎండీబీ కూడా తెరుచుకోదు. శాఖల వారీ జాబితాను ఫోన్ నంబర్లతో సహా ముద్రించి మేడ మీద ఉంచండి. పై భాగాన తేదీ వేయండి. వరదలు తగ్గినా అక్టోబర్, నవంబర్‌లలో తుపానులుంటాయి. కోనసీమను 1996లో కుదిపేసినది నవంబర్ 6న వచ్చింది. సెప్టెంబర్‌లో మళ్లీ సరిచూసి కొత్త ప్రతి తీయండి, పాతది చించేయండి.