యూరప్ టూర్‌కి డేటా ప్లాన్: ధర కంటే ముందు దేశాల జాబితా చూడండి

హైదరాబాద్ నుంచి యూరప్ వెళ్లే మామూలు టూర్ ఒకటి తీసుకుందాం. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి పారిస్‌లో దిగుతారు. అక్కడి నుంచి స్విట్జర్లాండ్, ఆ తర్వాత మిలాన్, వెనిస్, రోమ్. మొత్తం పది పన్నెండు రోజులు. ప్లాన్ కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు జీబీల మీదా ధర మీదా పడతాయి. అంతకంటే ముందు చూడాల్సింది ప్లాన్ కింద ఉండే దేశాల జాబితా. ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక దేశపు సిమ్‌ని మరో దేశంలో అదనపు ఛార్జీ లేకుండా వాడుకోవచ్చు. నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ కూడా ఈ ఏర్పాటులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ మాత్రం లేదు. యూనియన్ నుంచి బయటికొచ్చిన బ్రిటన్‌కీ ఈ నియమం వర్తించదు. అంటే పారిస్‌లో కొన్న సిమ్ రోమ్‌లో చక్కగా పనిచేస్తుంది, మధ్యలో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో మాత్రం పనిచేయకపోవచ్చు, లేదా అక్కడ విడిగా ఛార్జీ పడవచ్చు. షెంగెన్ వీసా స్విట్జర్లాండ్‌కి చెల్లుతుంది కదా, సిమ్ కూడా చెల్లుతుందిలే అనుకోవద్దు. వీసా ఒప్పందం వేరు, రోమింగ్ నియమం వేరు.

అందుకని ముందు కాగితం మీద ఊర్లు కాకుండా దేశాలు రాసుకోండి. విమానం మారే దేశం, ఒక్క పూట చూసొచ్చే దేశం, బస్సు దాటిపోయే దేశం, అన్నీ రాయాలి. తర్వాత ‘యూరప్ 30 దేశాలు’, ‘యూరప్ 40 దేశాలు’ అనే పేర్లను పక్కనపెట్టి, జాబితా తెరిచి స్విట్జర్లాండ్, బ్రిటన్, టర్కీ, సెర్బియా, బోస్నియా పేర్లను ఒక్కొక్కటిగా వెతకండి. జాబితాలో మీరు వెళ్లే దేశం లేని ప్లాన్ ఎంత చవకైనా మీకు పనికిరాదు. దుబాయ్, దోహాలు యూరప్ ప్లాన్లలో ఉండవు. మూడు నాలుగు గంటల ఆగుడుకి ఎయిర్‌పోర్ట్ వైఫై చాలు, దానికోసం ‘ప్రపంచమంతా’ ప్లాన్ కొనక్కర్లేదు.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. జెనీవా, బాసెల్ దాదాపు ఫ్రాన్స్‌కి ఆనుకునే ఉంటాయి. ఫ్రాన్స్ వైపు హోటల్లో ఉన్నా ఫోన్ స్విస్ టవర్‌ని పట్టుకోవచ్చు. ప్లాన్‌లో స్విట్జర్లాండ్ లేకపోతే సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. అప్పుడు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి తీసేసి, ఫ్రాన్స్ నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకోవాలి. ఆ ఊరు దాటాక మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరవద్దు, లేకపోతే తర్వాతి దేశంలో ఫోన్ ఏ టవర్‌నీ పట్టదు.

ఉన్న దారులు మూడు

మొదటిది, మన ఎయిర్‌టెల్, జియో, వీఐ ఇచ్చే ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్. ఖరీదు ఎక్కువే గానీ సులువు. మన నంబరే పనిచేస్తుంది, కాల్స్ మాట్లాడుకోవచ్చు. ఇంకో లాభం చాలామందికి తెలియదు. ఈ డేటా సాధారణంగా ఇండియా మీదుగానే తిరిగి వెళ్తుంది కాబట్టి, వెబ్‌సైట్లకు మీరు ఇండియాలో ఉన్నట్టే కనిపిస్తారు. విదేశీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ ఫోన్ ఎక్కడుందో చూపే నంబర్) నుంచి తెరుచుకోని మన ప్రభుత్వ సైట్లు, బ్యాంకు పేజీలు దీంతో తెరుచుకుంటాయి. సెట్టింగ్స్ జోలికి వెళ్లడం ఇష్టంలేని అమ్మానాన్నలకు ఇదే మేలు. కొనేముందు ‘ఒక రోజు’ని ఎలా లెక్కేస్తారో అడగండి. కొన్ని ప్యాక్‌లు మొదట వాడిన క్షణం నుంచి 24 గంటలు లెక్కిస్తాయి, కొన్ని క్యాలెండర్ తేదీని పట్టుకుంటాయి. తేదీ లెక్క భారత కాలమానం ప్రకారమైతే యూరప్‌లో సాయంత్రమే రోజు మారిపోతుంది.

రెండోది ట్రావెల్ ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్. ఇంటి దగ్గరే కొని ఫోన్‌లో వేసుకోవచ్చు. నాలుగైదు దేశాలు తిరిగేవాళ్లకి మా సలహా ఇదే: దేశాలన్నీ కలిసొచ్చే ఒకే ప్రాంతీయ ఈ-సిమ్, పక్కనే ఓటీపీల కోసం ఇండియా సిమ్. చాలా ట్రావెల్ ఈ-సిమ్‌లు డేటాకి మాత్రమే, వాటికి ఫోన్ నంబర్ ఉండదు. హోటల్‌కి మామూలు కాల్ చేయలేరు, వాట్సాప్ కాల్ మాత్రం వెళ్తుంది.

మూడోది, అక్కడ దిగాక లోకల్ సిమ్ కొనడం. ఒకే దేశంలో నెలరోజులు ఉండేవాళ్లకి ఇది బాగా గిట్టుబాటు. తిరిగే టూర్‌కి మాత్రం ఇబ్బంది. జర్మనీ, ఇటలీ లాంటి చోట్ల పాస్‌పోర్ట్ చూపి వివరాలు నమోదు చేయాలి, పైగా స్విట్జర్లాండ్ చిక్కు ఉండనే ఉంది.

ఫోన్ సంగతి

*#06# డయల్ చేయండి. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్లతో పాటు ఈఐడీ అని పొడవాటి నంబర్ వస్తే ఫోన్‌లో ఈ-సిమ్ ఉన్నట్టు. ఐఫోన్‌లలో ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంది. మధ్యస్థ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి లేదు.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ఐఫోన్లు మన ఇళ్లల్లో చాలా ఉన్నాయి. వాటితో రెండు చిక్కులు. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మిన మోడళ్లకు సిమ్ ట్రే లేదు కాబట్టి మన ఇండియా నంబర్‌ని కూడా ఈ-సిమ్‌గా మార్చుకోవాలి. ఆ పని ప్రయాణానికి కనీసం వారం ముందే చేయండి. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారు, ఆ రోజంతా ఓటీపీ రాదు. రెండో చిక్కు, వాయిదాల మీద కొన్న ఫోన్ అక్కడి కంపెనీకే లాక్ అయ్యి ఉండొచ్చు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉందో లేదో చూడండి. లేకపోతే వేరే ఏ సిమ్మూ పనిచేయదు.

ఎన్ని జీబీలు కావాలి

మ్యాపులు, వాట్సాప్ మెసేజ్‌లు, టికెట్లు వెతుక్కోవడం వరకైతే రోజుకి 300 ఎంబీ సరిపోతుంది. రాత్రి ఇంటికి అరగంట వీడియో కాల్ చేస్తే ఇంకో 150 నుంచి 300 ఎంబీ. బస్సులో రీల్స్ చూసే అలవాటుంటే లెక్క మారిపోతుంది, గంటకి అర జీబీ దాటడం మామూలే. ఆ అలవాటు లేనివాళ్లకి పది రోజులకి 5 నుంచి 10 జీబీ చాలు.

డేటాని మింగేసేది మనం చూసేది కాదు, వెనకాల జరిగే ఫోటో బ్యాకప్. ఐఫోన్‌లో 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ, సెకనుకి 60 ఫ్రేములైతే 400 ఎంబీ. కొండల మీద పది నిమిషాల వీడియో తీసి అది క్లౌడ్‌కి ఎక్కడం మొదలైతే ప్లాన్‌లో పెద్ద భాగమే పోవచ్చు. గూగుల్ ఫొటోస్, ఐక్లౌడ్‌లలో మొబైల్ డేటాతో బ్యాకప్‌ని ఆపేసి, హోటల్ వైఫైకి వదిలేయండి. ఒకరి ఫోన్ హాట్‌స్పాట్‌కి నలుగురూ కనెక్ట్ అయినప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి. మిగతావాళ్ల ఫోన్లు దాన్ని వైఫై అనుకొని బ్యాకప్‌లు, యాప్ అప్‌డేట్‌లు మొదలుపెట్టేస్తాయి. అన్నట్టు, కొన్ని ప్లాన్లలో హాట్‌స్పాట్ అసలు పనిచేయదు, ముందే చూసుకోండి.

‘అన్‌లిమిటెడ్’ అని రాసినచోట కింది షరతులు చదవండి. రోజుకి ఇంత వాడాక వేగం తగ్గిస్తామని ఉంటుంది. తగ్గాక మెసేజ్‌లు వెళ్తాయి గానీ మ్యాప్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టొచ్చు.

బయల్దేరే ముందు, దిగాక

ఇండియా సిమ్‌కి తిరిగొచ్చే తేదీ దాటేవరకు వ్యాలిడిటీ ఉండేలా రీచార్జ్ చేయండి. కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. ప్యాక్ లేకపోయినా ఎస్ఎంఎస్‌లు వస్తాయా అని కస్టమర్ కేర్‌ని అడగండి. రాకపోతే అతి చిన్న ప్యాక్ వేయించుకోవడమే మంచిది. కార్డుతో కట్టేటప్పుడు ఓటీపీ రాకపోతే డబ్బుండీ చేతులు కట్టేసినట్టే. ఇండియా సిమ్‌ని ఫోన్‌లోంచి తీయవద్దు. సిమ్ కనబడకపోతే యూపీఐ యాప్‌లు, కొన్ని బ్యాంకు యాప్‌లు లాగౌట్ చేసేస్తాయి, మళ్లీ నమోదుకి ఆ నంబర్ నుంచే ఎస్ఎంఎస్ పంపమంటాయి.

ఈ-సిమ్‌ని ఇంట్లో వైఫై మీద ముందురోజే వేసుకోండి. వ్యాలిడిటీ వేసిన రోజు నుంచా, అక్కడి టవర్ పట్టిన క్షణం నుంచా అన్నది మాత్రం ముందు చదవండి. వేసిన రోజు నుంచే అయితే విమానం ఎక్కేముందు ఎయిర్‌పోర్ట్‌లో వేసుకుంటే సరి. పారిస్‌లో దిగాక ఈ వరుసలో చేయండి:

1. మొబైల్ డేటాని ఈ-సిమ్‌కి మార్చండి.
2. ఈ-సిమ్ లైన్‌కి డేటా రోమింగ్ ఆన్, ఇండియా లైన్‌కి ఆఫ్.
3. ఐఫోన్‌లో ‘అలో సెల్యులర్ డేటా స్విచింగ్’, ఆండ్రాయిడ్‌లో ఆటో డేటా స్విచ్ ఆఫ్ చేయండి. ఇది ఆన్‌లో ఉంటే ఈ-సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ ఇండియా సిమ్ మీదికి దూకే ప్రయత్నం చేస్తుంది.
4. వాట్సాప్ నంబర్ మార్చమంటావా అని అడిగితే పాత నంబరే ఉంచండి.

సిగ్నల్ ఉండి నెట్ రాకపోతే ముందు ఈ-సిమ్ డేటా రోమింగ్ చూడండి, చాలాసార్లు అదే ఆఫ్‌లో ఉంటుంది. అది సరిగ్గా ఉన్నా రాకపోతే, ఈ-సిమ్ కంపెనీ మెయిల్‌లో పంపిన ఏపీఎన్ (ఫోన్‌ని నెట్‌కి కలిపే సెట్టింగ్) పేరుని సెట్టింగ్స్‌లో చేత్తో టైప్ చేసి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఎంత విసుగొచ్చినా ఈ-సిమ్‌ని డిలీట్ చేయవద్దు. దాన్ని ఫోన్‌లో వేసుకోవడానికి స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ చాలా కంపెనీల్లో ఒక్కసారే పనిచేస్తుంది.

విమానంలో, సముద్రంలో దూరం వెళ్లే పడవల్లో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయవద్దు. అక్కడి నెట్‌వర్క్ శాటిలైట్‌ది, ఏ యూరప్ ప్లాన్ కిందికీ రాదు. ఇండియా సిమ్‌కి వచ్చే కాల్ ఎత్తితే రోమింగ్ ఛార్జీ పడుతుంది. మనవాళ్లకి వాట్సాప్‌లోనే కాల్ చేయమని ముందే చెప్పి ఉంచండి. కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకున్నవాళ్లు బయల్దేరే ముందు ##002# డయల్ చేసి తీసేయాలి, లేకపోతే ఎత్తని కాల్‌కి కూడా బిల్లు రావచ్చు.

శంషాబాద్‌లో దిగాక డేటాని తిరిగి ఇండియా సిమ్‌కి మార్చి, ఈ-సిమ్ లైన్ ఆఫ్ చేయండి. వ్యాలిడిటీ ముగిశాక దాన్ని డిలీట్ చేసుకోవచ్చు. అదే కంపెనీ ఈ-సిమ్‌కి రీచార్జ్ సౌకర్యం ఉంటే మాత్రం ఫోన్‌లోనే ఉంచుకోండి, వచ్చేసారి మళ్లీ ఇదంతా చేయనక్కర్లేదు.